పొగకనుమలో కంచుకూత

ఎద్దు లేని గంగిరెద్దులవాణ్ణి మీరెవరైనా చూశారో లేదో గానీ, ఆ మధ్యాహ్నం భృంగికొండల దారిలో పరిగెత్తుతున్నవాడు అచ్చం అలాంటివాడే. తలకు రంగుల పాగా, ఒంటిమీద ఎవరో దానమిచ్చిన పాత కోటు, చంకలో డోలు. డోలు లోపల మాత్రం కత్తి ఉంది. అతడు మందరపురం యువరాజు ధవళకేతు. ఎద్దును పొద్దున్నే వదులుకోవలసి వచ్చింది. వెనక తరుముకొస్తున్న గుర్రాలకు అడ్డంగా దాన్ని తోలితే, అది కొమ్ములు విసిరి ముందున్న భటులను లోయలో పడేసి, తన దారిన తాను మేతకు పోయింది.

ఆ భటులు కాంస్యభట్టు మనుషులు. కాంస్యభట్టు సముద్రం అవతలి నుంచి వచ్చిన మాంత్రికుడు. మంత్రాలు తక్కువ, మరలు ఎక్కువ. మనిషి గొంతును కంచులో పట్టి దాచే విద్య అతనిది. కిందటేడు రాజసభలో అతడు తెచ్చిన కంచుశంఖం, మనిషి ఊదకుండానే, ఆస్థాన గాయకుడి గొంతుతో పాట అందుకున్నప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళలో మొదటివాడు మన ధవళకేతే. మెడలోని ముత్యాలహారం తీసి మరీ ఇచ్చాడు. ఆ తర్వాత పాపం ఆ గాయకుడు నోరు తెరిస్తే ఉత్త గాలి తప్ప ఏమీ రాలేదు. అది సభలో ఎవరికీ పట్టలేదు. శంఖం పాడుతోంది కదా, ఇంకేం కావాలి. చివరకు యువరాజు చెల్లెలు మందారవల్లి గొంతు మీద కాంస్యభట్టు కన్ను పడింది. ఆ పిల్ల పాడితే కోటలో పావురాలు కూడా మేత మానేసి వినేవి. ఒకనాడు ఉద్యానంలోంచి ఆమెను ఎత్తుకుపోయాడు. తనదాకా వస్తే గానీ తెలియదని పెద్దలు ఊరికే అన్నారా.

ధవళకేతు గంగిరెద్దులవాడి వేషంలో కాంస్యభట్టు కోటలో దూరాడు. కరగబోసిన కంచు మూసలోకి పోయకముందే చెల్లెలిని బయటికి లాక్కొచ్చాడు. ఘర్ఘరి నది రేవులో నూకయ్య సరంగు పడవ ఎక్కించి, తాను కావాలనే భటుల కంటబడి వాళ్ళను కొండదారి పట్టించాడు. పడవ పొగకనుమ దాటి అవతలి రేవు చేరితే చాలు, అక్కణ్ణుంచి మందరపురం సైన్యం ఉంది. ఆ పిల్ల గొంతు ఆ పిల్లకే ఉంటుంది. అదీ ఏర్పాటు.

భృంగికొండల మీద కుండలతో కుమ్మరించినట్టు వాన అందుకుంది. గుర్రాలు జారుతున్నాయి, మనిషి జారుతున్నాడు. లోయ మీద తీగలవంతెన సగం దాటేసరికి అవతలి కొసన ఎలుగుబంటి ఒకటి తడిసి, చిరాకుగా నిలబడి ఉంది. వెనక భటులు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ధవళకేతు డోలు తీసి చెవులు చిల్లులు పడేలా వాయించాడు. ఎలుగుబంటికి ఆ సంగీతం నచ్చలేదు, పొదల్లోకి పోయింది. అతడు అవతలికి గెంతి, డోలు పగలగొట్టి కత్తి లాగి, తీగలను రెండు వేట్లతో నరికాడు. వంతెనా, దాని మీదున్నవాళ్ళూ కలిసి లోయలోకి వేలాడారు. తక్కినవాళ్ళు అవతలి గట్టున నిలబడి తిట్టారు. తిట్లకు వంతెన అక్కర్లేదు కదా.

వాన వెనకబడింది. కొండ దిగేసరికి ఎదురుగా పొగకనుమ.

నల్లని రెండు కొండలు ఒకదాని మొహంలో ఒకటి మొహం పెట్టుకుని నిలబడితే, ఆ సందులోంచి ఘర్ఘరి నది తలకొట్టుకుంటూ పారుతుంది. పైన ఆకాశం పట్టుచీర అంచంత. రాళ్ళ మీద పగిలిన నీరు పొగై లేచి, ఆ సందులో ఉదయం వెండిలా, మధ్యాహ్నం పాలలా, సాయంత్రం కుంకుమ కలిపిన పాలలా నిండి ఉంటుంది. గోడల నిండా పేరు తెలియని నీలిపూలు. ఆ అందం చూసి మురిసిపోయి మునిగినవాళ్ళు కోకొల్లలు. అక్కడ కళ్ళు పనికిరావు. పొగ ఒకసారి రేవులా కనిపిస్తుంది, ఒకసారి చెట్టులా, ఒకసారి చెయ్యి ఊపి పిలిచే మనిషిలా. అందుకని కనుమ మొగలోనే సరంగు దగ్గర్నుంచి చంటిబిడ్డ దాకా పడవలో ఉన్న ప్రతి ఒక్కరూ తడిగుడ్డతో కళ్ళకు గంతలు కట్టుకుంటారు. ఆపైన పడవ నడిచేది గట్టు మీద నిలబడ్డ కూతగాళ్ళ కూతను బట్టి. కూతగాడు నీళ్ళు చూసి కూస్తాడు. 'ఓ...లేలో' అని ఒకటే దీర్ఘం తీస్తే పడవ ఎడమపాయ పట్టాలి. 'హైలె, హైలె' అని తుంచి తుంచి కూస్తే కుడిపాయ. ఒక కూతగాడు ఆగాడంటే ఆ మలుపు దాటినట్టే, తెడ్లు జోరుగా వెయ్యవచ్చు. ఇంకొక కట్టడి కూడా ఉంది. మునిగినవాళ్ళ దయ్యాలు ఆ పొగలో తిరుగుతూ, తెలియని గొంతులతోనూ, అయినవాళ్ళ గొంతులతోనూ పిలుస్తాయట. పుట్టినప్పట్నుంచీ విన్న కూతగాడి గొంతును తప్ప వేరే గొంతును నమ్మిన సరంగుకు పుట్టగతులుండవని వాళ్ళ నమ్మకం. తరతరాలుగా ఈ కట్టుబాటు వాళ్ళను కాపాడుతూ వచ్చింది.

ధవళకేతు మొదటి మలుపు మీది బండకు చేరేసరికి కూత వినిపించింది. ఒకటే దీర్ఘం, నిండుగా, గంటలా. అతడు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. కూతగాళ్ళు మెలకువగా ఉన్నారు, ఇక భయం లేదు అనుకున్నాడు.

బండ మీద పట్టుశాలువా కప్పుకుని ఒక ముసలివాడు కూర్చుని ఉన్నాడు. అతని నోరు మూసే ఉంది. పక్కన నిలువెత్తు కంచుశంఖం, కనుమ గాలికి దాని చక్రాలు గిర్రున తిరుగుతుంటే, నోరు తెరుచుకుని కూస్తోంది. ముసలివాడు కూతకు తగ్గట్టు తల ఊపుతున్నాడు.

శంఖం వెనకనుంచి నీళ్ళ కుండతో ఒక ఆడమనిషి వచ్చింది. ఎద్దు లేని గంగిరెద్దులవాణ్ణి పైనుంచి కిందదాకా చూసింది.

"ఎద్దేది బాబూ?"

"మేతకు పోయిందక్కా. ముందు ఇది చెప్పు, ఈ శంఖం ఇక్కడికి ఎప్పుడొచ్చింది?"

"ఎండల్లో. మందరపురం మారాజుగారే పెట్టించారు. ఈ మొగ కాణ్ణుంచి ఆ మొగ దాకా వరసగా పెట్టేరు. కూతగాళ్ళందరి గొంతులూ పట్టేరు. ఇది మా నాయన గొంతే. పోలినాయుడంటే మా నాయనే. నా పేరు సింగమ్మ."

ముసలివాడు చేసైగతో కూతురిని దగ్గరికి పిలిచి ఏదో అన్నాడు. పెదవులు ఆడాయి గానీ శబ్దం రాలేదు. సింగమ్మ అతని నోటికి చెవి ఆనించి విని చెప్పింది. "నాకన్నా బాగా కూత్తంది అంటన్నాడు. దగ్గు లేదంట, నిద్దర లేదంట, జలుబు లేదంట. పొద్దస్తమానం దీని పక్కనే కూకుంటాడు. అది నా పడుచు గొంతు, నా చెవులకే ముద్దొస్తంది అంటాడు."

"తక్కిన కూతగాళ్ళు ఎక్కడ?"

"మారాజు పొలాలిచ్చేరు. దున్నుకుంటన్నారు. ఇక్కడేం పనుంది బాబూ, రోజల్లా ఇదే కూత్తాంటే."

ధవళకేతు సభలో తాను కొట్టిన చప్పట్లు గుర్తొచ్చి తల వంచుకున్నాడు. కానీ అందులో తప్పేముంది, ఎవరు కూస్తేనేం, పడవ ఒడ్డు చేరితే చాలదా అని వెంటనే సర్దుకున్నాడు కూడా. సింగమ్మ కుండ దించి, చెయ్యి పెట్టి కలిపి చూసింది.

"నీళ్ళు ఎర్రగా వచ్చేయి. ఊటకాడ నేను రోజూ కాలు పెట్టే మెట్టు ఇవాళ కనపళ్ళేదు."

యువరాజు ఒంటిమీది కోటు ఇంకా వాననీళ్ళు కారుస్తోంది. భృంగికొండల వాన అతని వెనకే నదిలో పడి వస్తోంది. అతడు బండ అంచుకు పరిగెత్తాడు. గాలికి పొగ ఒక్క క్షణం చీలింది. నది నడుమ ఏనుగుబండ నిలబడి ఉంది. నీళ్ళు దాని మోకాళ్ళు దాటి కడుపు తాకుతున్నాయి.

పోలినాయుడు కూడా చూశాడు. శాలువా జారిపోయింది. నీరు ఏనుగు మోకాలి కింద ఉంటేనే ఎడమపాయ. మోకాలు దాటితే ఎడమపాయలో సుడిబావి తెరుచుకుంటుంది. అప్పుడు కుడిపాయే గతి. అది ఆ వంశంలో మాటలు నేర్వకముందే నేర్పే పాఠం. శంఖానికి నేర్పినవాళ్ళు లేరు. దానిలో గొంతు పట్టింది ఎండాకాలంలో. ఎండాకాలపు కూతనే అది వరదలోనూ కూస్తోంది.

ముసలివాడు అంచున నిలబడి, ఛాతీ నిండా గాలి పీల్చి నోరు తెరిచాడు. మెడనరాలు ఉబ్బాయి. గాలి వచ్చింది, అంతే. మళ్ళీ పీల్చాడు, మళ్ళీ గాలే వచ్చింది. వెనకనుంచి అతని గొంతే, పడుచుదనంతో, హాయిగా 'ఓ...లేలో' అంది.

అంతలో కనుమ మొగ వైపు నుంచి తెడ్ల పాట వినిపించింది. పొగకనుమలో చీమ తుమ్మినా గట్టు మీదికి వినిపిస్తుంది. నూకయ్య సరంగు పడవ కనుమలోకి వచ్చేసింది.

ధవళకేతు ఆలోచించలేదు. కత్తి ఎత్తి శంఖాన్ని నరికాడు. కత్తి మొన వంకరపోయింది, శంఖానికి గీటు కూడా పడలేదు. భుజం ఆనించి నెట్టాడు. సింగమ్మ కూడా నెట్టింది. పీఠంతో సహా శంఖం ఒరిగి, కూస్తూనే పొగలోకి పడిపోయింది. నీళ్ళలో పడ్డ చప్పుడయ్యాక కూత ఆగింది.

కింద పడవలోంచి నూకయ్య కేక తేటగా వినిపించింది. "పోలినాయుడి కూత ఆగింది. మలుపు దాటేం. వెయ్యండ్రా తెడ్లు, జోరుగా."

తెడ్లు జోరందుకున్నాయి. అవతలి బండ మీది శంఖం, ఇదేమీ ఎరగకుండా, ఇంకొక కూతగాడి గొంతుతో ఎడమపాయకే పిలుస్తోంది. కోపంతో చేసిన ఆ పని పడవను ఇంకా తొందరగా చావు వైపు తోసింది.

"అక్కా, నువ్వు కుయ్యి. నీకు గొంతుంది కదా."

"ఆడకూతురు ఇక్కడ కుయ్యకూడదు బాబూ" అంటూనే సింగమ్మ అంచుకు వెళ్ళింది. చిన్నప్పట్నుంచీ విన్నదే. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, తుంచి తుంచి కూసింది. "హైలె, హైలె." కూత తప్పు లేదు. పోలినాయుడు తల ఊపాడు, కళ్ళనీళ్ళు కారుతుండగా.

కింద తెడ్లు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత నూకయ్య గొంతు, ఈసారి నెమ్మదిగా వినిపించింది. "వినొద్దు. ఆడదయ్యం. మనకు తెలీని గొంతు. కుడికి రమ్మంటంది, అంటే పడవను ఇంకా ఎడమకు పట్టండి."

సింగమ్మ నోటి మీద కొట్టుకుంటూ కూలబడింది.

అప్పుడే నెత్తిన రెక్కల చప్పుడైంది. కొయ్యతో, కంచురేకులతో చేసిన గండభేరుండం ఒకటి గిరికీలు కొట్టి బండ మీద వాలింది. కనుమ సందులోకి దిగాలంటే దాని రెక్కలకు చోటు చాలదు. దాని వీపు మీది మెరుగుపెట్టిన ఆసనంలోంచి, ఉంగరాల చేతులతో, నెరిసిన గడ్డం సవరించుకుంటూ కాంస్యభట్టు దిగాడు. వెనక భటులెవరూ లేరు. అడుగు నేల మీద పెట్టాడో లేదో, వంకరపోయిన కత్తి అతని మెడ మీదికి వచ్చింది.

"కూత మార్చు," అన్నాడు ధవళకేతు. "అన్ని శంఖాలూ కుడిపాయకు కుయ్యాలి. ఇప్పుడే. నా చెల్లెలు ఆ పడవలో ఉంది."

కాంస్యభట్టు కత్తిని చూడలేదు. అంచు దాకా వెళ్ళి ఏనుగుబండను చూశాడు. అతని మొహంలో రక్తం లేదు.

"ఆ గొంతు కోసం సముద్రాలు దాటి వచ్చాను యువరాజా. అది మునగాలని నాకెందుకుంటుంది? నాకు పట్టడమే వచ్చు. పట్టినదాన్ని మార్చడం నాకు రాదు. ఏం పోస్తే అదే పలుకుతుంది."

"ముసలాయన గొంతు ముసలాయనకు తిరిగి ఇవ్వు."

"దాన్ని ఇప్పుడే నువ్వు నీళ్ళలోకి తోశావు."

"తక్కిన శంఖాలను ఆపు."

"ఆపితే? కూత ఆగితే మలుపు దాటామనుకుంటారని నాకు ఈ ముసలివాడే చెప్పాడు. గాలి ఉన్నంతసేపూ ఆగకుండా చెయ్యమని చేతులు పట్టుకుని అడిగింది కూడా ఇతనే."

పోలినాయుడు కాదనలేదు. యువరాజు కత్తి కిందికి దించాడు. ఎవరిని చంపితే ఆ పడవ కుడికి తిరుగుతుందో తెలిస్తే వాణ్ణి ఆ క్షణమే చంపేవాడు. అలాంటివాడు అక్కడ లేడు.

ఇంక మిగిలింది తన గొంతు. ధవళకేతు బండ అంచున బోర్లా పడుకుని, ఉన్న బలమంతా పెట్టి అరిచాడు. "వల్లీ, నేను, అన్నయ్యను. కుడివైపు తిప్పమను. ఎడమవైపు సుడిబావి ఉంది."

"సరంగుగారూ, అది మా అన్నయ్య గొంతు," అంది మందారవల్లి. కనుమ ఆ మాటను పదిలంగా పైకి మోసుకొచ్చింది.

"అవును తల్లీ, అచ్చం అలాగే పిలుత్తాయి. ముందు తెలీని గొంతుతో పిలుత్తాయి, కుదరకపోతే అయినోళ్ళ గొంతు తెచ్చుకుంటాయి. మా నాన్న చచ్చిపోయిన ఏడు నన్ను ఇక్కడే మా నాన్న పిలిచేడు. నేను పోలేదు కాబట్టే ఇవాళ నీకు పడవ నడుపుతన్నాను. నీ అన్న కొండదారిలో చల్లగా ఉంటాడు, దిగులెట్టుకోకు."

"మరి ఆ కూతలు?"

"అవి మన కూతగాళ్ళవి. ఈ ఏడు ఒక్కనాడూ గొంతు బొంగురుపోలేదు, మారాజులు."

ధవళకేతు లేచి కోటు విప్పి పారేశాడు. ఊటలోకి దిగడానికి సింగమ్మ వాడుకునే మోకు బండకు కట్టి ఉంది. దాన్ని నడుముకు బిగించుకుని, కత్తి మొలలో దోపుకుని, చెట్టువేర్లు పట్టుకుని, నీలిపూలను తొక్కుకుంటూ దిగాడు. పైన సింగమ్మ, ముసలివాడు, చివరకు కాంస్యభట్టు కూడా ఉంగరాల చేతులతో మోకు పట్టుకుని వదులుతున్నారు. కొండ గోడలోంచి పాము బుసకొట్టింది, చూడలేదు. ఒక రాయి ఊడి భుజాన్ని చీల్చింది, ఆగలేదు. మోకు బిగిసింది, అంతే దాని పొడుగు. నీళ్ళు ఇంకా కింద ఉన్నాయి. అతడు తలకిందులుగా వేలాడుతూ చెయ్యి చాచాడు.

పొగలోంచి పడవ వచ్చింది. ముందు కొమ్ము, తర్వాత గంతలు కట్టుకున్న తెడ్లవాళ్ళు, వాళ్ళ నడుమ మోకాళ్ళు దగ్గరకు ముడుచుకుని కూర్చున్న మందారవల్లి. కళ్ళకు తడిగుడ్డ. జుట్టులో కోట దాటేటప్పుడు చిక్కుకున్న ముళ్ళకంప ఇంకా అలాగే ఉంది. జానెడు ఎడం తప్ప లేదు.

"వల్లీ, చెయ్యి పైకెత్తు," అన్నాడు. ఈసారి అరవలేదు. ఆ పిల్ల చిన్నప్పుడు భయపడితే నిద్రపుచ్చుతూ మాట్లాడే గొంతుతోనే అన్నాడు. "నేనేనమ్మా. ఒక్కసారి చెయ్యెత్తు."

మందారవల్లి ఉలిక్కిపడింది. చెయ్యి ఒళ్ళోంచి కొద్దిగా లేచింది.

"వద్దు తల్లీ, అది బాగా దగ్గిరికొచ్చేసింది. చెవులు మూసుకో," అన్నాడు నూకయ్య.

ఆమె రెండు చేతులతోనూ చెవులు గట్టిగా మూసుకుంది. పడవ అతని వేళ్ళ కిందనుంచి జారిపోయింది. చుక్కాని పట్టిన నూకయ్య, నిష్ఠగా, శ్రద్ధగా, తాతముత్తాతలు చెప్పినట్టే, కూత వినిపించిన వైపుకు పడవను తిప్పాడు.

ధవళకేతు నడుము దగ్గర మోకు కోసేశాడు. నీళ్ళు ఎర్రగా, చల్లగా నెత్తిమీదికి వచ్చాయి. పైకి తేలేసరికి చుట్టూ పొగే, పడవ లేదు, గట్టు లేదు, ఏనుగుబండ లేదు. తెడ్ల పాట కూడా నీళ్ళ హోరులో కలిసిపోయింది. ఎటు ఈదాలో చెప్పేది ఆ కనుమ మొత్తంలో ఒక్కటే మిగిలింది. అది గాలికి తిరుగుతూ, అలుపు లేకుండా, ఎడమకు రమ్మని పిలుస్తోంది. అతడు ఆ కూత వైపే ఈదాడు.